వ్యాపారం పెట్టేముందు నాలుగు ప్రశ్నలు



ఈరోజు పంటను గురించి కాదు, పంట పక్కన పెట్టుకోదగిన చిన్న వ్యాపారాన్ని గురించి కొన్ని మాటలు మనవి చేస్తాను. మా టేకుమట్ల మండలం 2016 అక్టోబరులో కొత్తగా ఏర్పడింది. పత్తి, వరి, మిరప, ఇవే ఇక్కడి వారికి ఆధారం. 2021-22లో కొత్త రకం తామర పురుగు మిరప తోటల మీద పడి పూతనంతా పాడుచేసిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. ఒక్క పంటనే నమ్ముకున్న ఇల్లు అటువంటి ఏడు ఎంత కష్టపడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అందుచేతనే మరొక రాబడి కావాలని చదువుకున్న పిల్లలు అడుగుతున్నారు. అడగడం మంచిదే. అయితే పంట నష్టాన్ని పూడ్చుకోబోయి పొలాన్నే పోగొట్టుకునే దారి పట్టకూడదు.

మొన్న ఒక యువకుడు రైతు వేదికకు వచ్చాడు. తండ్రికి రెండెకరాలున్నాయి.

“సార్, కోళ్ళ షెడ్డు ఏద్దామనుకుంటున్న. బ్యాంకుల ఐదు లక్షలు లోను ఇప్పియ్యుండ్రి. బాపు పాసుబుక్కు పెడ్తనన్నడు” అన్నాడు.

“సరే తమ్మీ, షెడ్డు ఒక్క నెల ఖాళీగ ఉంటె కిస్తు ఎట్ల కడ్తవు?” అని అడిగాను.

అతను మాట్లాడలేదు. ఆ ప్రశ్న అంతవరకూ అతనికి తట్టలేదు.

లెక్క చూడండి. ఐదు లక్షల అప్పుకు నూటికి ఏడాదికి పన్నెండు చొప్పున వడ్డీ అనుకుంటే ఏటా 60 వేలు, నెలకు 5 వేలు అవుతుంది. అసలు వేరే. కోళ్ళున్నా వడ్డీ ఆగదు, లేకున్నా ఆగదు. ఒప్పందం మీద పెంచితే కంపెనీ పిల్లలనూ దాణానూ ఇస్తుంది, పెంపకపు కూలి ఇస్తుంది. ధర పడిపోయే భయం కొంత తగ్గుతుంది, నిజమే. కాని షెడ్డు అప్పు, కరెంటు, నీళ్ళు, మనిషి కష్టం రైతువే. తరువాతి పిల్లలు ఆలస్యంగా వస్తే ఖాళీ రోజుల బరువూ రైతుదే. షెడ్డు చెడ్డదని నేననను. పనీ బేరమూ తెలిసినవారికి అది పనికివస్తుంది. తెలియనివారు అక్కడ మొదలుపెట్టకూడదు.

నా సంగతి కూడా చెప్తాను. డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగం రాకముందు నేను ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచాను. అమ్మ చీటీ ఎత్తి 8 వేలు ఇచ్చింది. చలికాలం, వరిగడ్డి మంచిది, పంట చక్కగా వచ్చింది. తీరా చూస్తే మా ఊళ్ళో అవి తినేవారే లేరు. పట్నానికి తీసుకుపోతే బస్సు కిరాయికి కూడా చాలని ధర చెప్పారు. రెండు రోజుల్లో మెత్తబడి పెంటకుప్ప పాలయ్యాయి. “పంట తీసుడు నేర్చినవు గని అమ్ముడు నేర్వలేదు కొడకా” అన్నది అమ్మ. కళాశాలలో నేర్వని పాఠం అది. ఆ 8 వేలు తీరడానికి నాకు ఏడాది పట్టింది.

కాబట్టి ఏ వ్యాపారమైనా మొదలుపెట్టేముందు ఈ నాలుగు ప్రశ్నలు నోటుపుస్తకంలో రాసుకోండి.

ఒకటి: కొనేవాడు ఎవడు? “అందరూ కొంటారు” అనేది జవాబు కాదు. మీ ఊళ్ళో, పక్క ఊళ్ళో పది ఇళ్ళ పేర్లు రాయగలగాలి.

రెండు: అంతా పోతే ఎంత పోతుంది? ఆ సొమ్ము పొలం తాకట్టు పెట్టకుండా, పిల్లల చదువు ఆపకుండా, ఒక ఏడాదిలో పూడ్చుకోగలమా?

మూడు: ఆ పని మనకు వచ్చునా? రాకపోతే తక్కువ ఖర్చుతో నేర్చుకునే దారి ఉన్నదా?

నాలుగు: అమ్ముడుపోకపోతే సరుకు ఎన్నాళ్ళు నిలుస్తుంది? మనమైనా తినగలమా?

ఈ నాలుగింటికీ నిలబడే పనుల్లో పెరటి కోళ్ళ పెంపకం ఒకటి. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనా సంస్థవారు రూపొందించిన వనరాజా రకం మాంసానికీ గుడ్లకూ పనికివస్తుంది. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. ఈ ప్రాంతంలో నాటుకోడి బేరం చెప్పనే అక్కరలేదు. దసరాకు, బోనాలకు, రెండేళ్ళకొకసారి మేడారం జాతరకు కోడి లేని ఇల్లు ఉండదు.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. ధరలు మీ ఊరిని బట్టి మార్చుకోండి. ఆరు వారాల పిల్లలు 20, ఒక్కొక్కటి 150 చొప్పున 3,000. గూడుకు 2,500. టీకాలు, మందులకు 300. ఏడాది నూకలకు 2,000. మొత్తం 7,800 రూపాయలు. ఆరు చచ్చిపోయినాయనే అనుకుందాం. మిగిలిన 14లో 8 పుంజులు 500 చొప్పున అమ్మితే 4,000. ఆరు పెట్టలు ఏడాదికి నూరేసి గుడ్లు పెడితే 600 గుడ్లు, 8 రూపాయల చొప్పున 4,800. రాబడి 8,800. మిగులు వెయ్యి రూపాయలే. కాని ఆరు పెట్టలూ గూడూ చేతిలో ఉన్నాయి. కోళ్ళన్నీ పోయినా గూడు మిగులుతుంది, పోయేది 5,300. దీనితో ఇల్లు గడవదు. అయితే ఇల్లు కూలదు, పని వస్తుంది.

కొన్ని జాగ్రత్తలు మరువకండి. మొదటి వారాల్లో పిల్లలకు వెచ్చదనం తప్పనిసరి, కాబట్టి కొత్తవారు ఆరు వారాలు పెంచిన పిల్లలనే కొనాలి. అప్పటివరకు ఏ టీకాలు వేశారో అడిగి రాసుకోండి. ఎనిమిది, పది వారాల మధ్య కొక్కెర తెగులు టీకా పశువైద్యశాలలో అడిగి వేయించండి. రాత్రిపూట గూటిలో మూయండి. లేకపోతే ముంగిసకూ పిల్లికీ మేపినట్లే. వనరాజా పెట్ట సరిగా పొదగదు. గుడ్లను నాటుపెట్ట కింద పెట్టండి. ఇరవై దాటితే పెరట్లో మేత చాలదు, దాణా కొనవలసి వస్తుంది, లెక్క మారిపోతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోడి అమ్మకాలు పడిపోయాయి. అటువంటి నెలలు ఏ కోళ్ళకైనా వస్తాయి. ఇరవై కోళ్ళవాడు ఓర్చుకోగలడు, పొలం తాకట్టు పెట్టినవాడు ఓర్చుకోలేడు.

ఏడాది లెక్క రాసి, చేయి కుదిరిన తరువాత పెంచవచ్చు. అప్పుడు అప్పు కావలసివస్తే 2015లో మొదలైన ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50 వేల వరకు పూచీకత్తు లేకుండా అడగవచ్చు. అప్పు పనికి ముందు కాదు, పని వెనుక రావాలి.

విస్తరణ ఉద్యోగులకు ఒక మాట. పథకం పేరు చెప్పి ఉత్సాహపరచడం సులువు. రైతు పక్కన కూర్చొని నష్టం లెక్క వేయించడం కష్టం. మన పని రెండోది.

ఆ యువకుడు పాసుబుక్కు ఇంటికి తీసుకుపోయాడు. ఇరవై పిల్లలు తెచ్చాడు. మొదటి నెలలోనే మూడింటిని ముంగిస ఎత్తుకుపోయింది. “సార్, గూటికి ఇనుప జాలి కొట్టిన” అని ఫోను చేశాడు. షెడ్డు వేసి ఉంటే ఈ పాఠానికి ఎంత రుసుము కట్టేవాడో మీరే ఆలోచించండి.