మన సీమలో చల్లారిన అగ్ని

ఆదోని కోటకొండ దిగువను ఒక వృద్ధ రైతు నన్నొకమారు అడిగెను: "సామీ, ఈ కొండ ఒకప్పుడు మండినదని మా తాత చెప్పెడివాడు. మరల మండునా?" ఆయన మనుమడు తొలకరి పడగానే విత్తనపు పని విడిచి, వజ్రములు వెదకుటకు జొన్నగిరికి పోవుచుండెనట. ఆ దిగులు ఆయన రెండవ ప్రశ్న. రెండింటికిని సంబంధము కలదు గనుక కలిపియే చెప్పెదను.

కోటకొండ అగ్నినుండి పుట్టినదే. కాని అగ్నిపర్వతము కాదు. సుమారు 250 కోట్ల సంవత్సరములకు పూర్వము కరగిన శిలాద్రవము భూమి లోపల, మైళ్ల లోతున, మెల్లగా చల్లారి గ్రానైటు రాయి యైనది. ఆ రాతి ముక్క నొకదానిని చేతబట్టి చూడుడు. ఎఱ్ఱని పలుకులు, గాజువంటి పలుగు, మెఱయు నల్లని అభ్రకము కంటికి విడివిడిగా కానవచ్చును. పైకి పొంగి గాలిలో చల్లారినచో పలుకులు ఇంత పెరుగుటకు వ్యవధి చాలదు. మీది శిలలన్నియు ఎండకు వానకు అరిగిపోగా, లోపలిది బయటపడినది. పగుళ్లలో నీరు దిగి అంచులు కరగగా మిగిలినవే ఆ గుండ్లు. ఎవ్వరును విసరినవి కావు. ఆ కొండ క్రింద నేడు నిప్పు లేదు.

ఆ గ్రానైటును చీల్చుకొని గోడలవలె సాగిన నల్లరాతి వరుసలును ఈ సీమలో కలవు. అవి పగుళ్లలోనికి ఎక్కి గడ్డకట్టిన శిలాద్రవము. బావులు త్రవ్వించువారు వీనిని గమనింపవలెను. కొన్ని తావుల ఈ గోడ నేలలోపల కట్టవలె నీటిని నిలుపును. ఎగువ బావిలో ఊట యుండి, దిగువ బావి యెండుట కలదు.

నల్లరేగడి అగ్నిపర్వతపు బూడిద యని కొందరందురు. మహారాష్ట్రమున అది చాలవరకు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములనాడు పొంగిపారిన లావా శిథిలమైనందున ఏర్పడినది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమున రేగడి క్రింద నున్నది ఆ లావా కాదు, గ్రానైటు జాతి శిలలే.

మఱి మన చుట్టుపట్ల అగ్ని నిజముగా వెలువడిన తావు లేదా? కలదు. జొన్నగిరి దగ్గరి పచ్చని రాళ్లు కోటకొండ కంటె ప్రాచీనమైన లావాలనుండి మారినవి. బంగారము ఆ శిలల ప్రాంతముననే యున్నది. ఆదోనికి దక్షిణమున సుమారు 40 మైళ్ల దూరమున, అనంతపురము జిల్లాలో వజ్రకరూరు కలదు. అచ్చట సుమారు 110 కోట్ల సంవత్సరములక్రిందట, 90 మైళ్లకు మించిన లోతునుండి వాయువులతో నిండిన శిలాద్రవము గంటలలోనో, కొలది దినములలోనో పైకెగసి బ్రద్దలయ్యెను. ఆ లోతున అంతకు ముందే పుట్టియున్న వజ్రములను దారిలో పట్టుకొనివచ్చెను. మెల్లగా వచ్చియున్నచో అవి బొగ్గుజాతిదగు మెత్తని గ్రాఫైటుగా మారియుండెడివే. మిగిలిన నాళము ముల్లంగి దుంపవలె పైన వెడల్పు, క్రింద సన్నము. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణమును బట్టి ఈ శిలకు కింబర్లైటు అని పేరు. ఇది గ్రానైటు కంటె త్వరగా మెత్తబడును. కనుక కొండగా నిలువక చేలలో కలిసిపోయినది. అగ్నిపర్వత మనగానే శిఖరమును వెదకు మనకు ఇది వింతగా తోచును గాని, మన సీమలో అగ్ని వెడలిన తావు చదునుగనే యున్నది.

అట్టి నాళములు చాలవానిలో వజ్రమే లేదు. ఉన్నవానిలోనిది శిల అరుగగా వాగులవెంబడి కొట్టుకొనిపోయి, గులకరాళ్లలో చెదరినది. తొలకరివాన పైమట్టిని కడుగగా ఎప్పుడో యొకటి తళుక్కుమనును. అందులకే తుగ్గలి, జొన్నగిరి చేలకు దూరపు జిల్లాలనుండియు జనులు వచ్చి దినములకొలది వంగి వెదకుదురు. విత్తిన చేలు త్రొక్కబడునని ఆ రైతులు అడ్డుపడుటయు న్యాయమే.

భారతదేశమున నేడు సజీవముగా నున్న అగ్నిపర్వతము అండమాను సముద్రములోని బారెన్ ద్వీప మొక్కటే. అది 1787లో మండుచుండగా చూచినవారు వ్రాసియుంచిరి. చిరకాలము నిద్రించి 1991లో మరల లేచినది.

ఇదంతయు విని ఆ వృద్ధుడు, "ఏ చేనిలో దొరకునో చెప్పగలవా సామీ?" అనెను. కోట్ల యేండ్లు నీరు చల్లిన గింజ ఏ చేనబడెనో ఎవ్వరును చెప్పలేరంటిని. ఆయన కొంతసేపు కొండవైపు చూచి, "ఐతే ఈ యేడు గొఱ్ఱు పట్టుటకు వానిని పిలిపించెదను" అని లేచెను.