గడప లోపలి సినిమా

(కర్నూలులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమాల్లో స్త్రీల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, సోషియాలజీ చదువుకున్న మనిషిగా మాట్లాడాలా, సినిమా పిచ్చి ఉన్న మనిషిగా మాట్లాడాలా అని అడిగాను. మీ ఇష్టమన్నారు. నేను రెండోదాన్ని ఎంచుకున్నాను. సినిమాను తిట్టడానికి మనకు అలవాటైన మాటలు చాలా ఉన్నాయి. పితృస్వామ్య భావజాలం, మూస పాత్రలు, హింసను కీర్తించడం. అవన్నీ నిజమే. కానీ ఆ మాటలన్నీ సభలో చెప్పి ఇంటికి పోయి, రాత్రి అన్నం తిన్నాక టీవీలో 'సమరసింహారెడ్డి' వస్తుంటే కదలకుండా కూర్చునే మనిషిని నేను. ఆ సంగతి దాచిపెట్టి మాట్లాడితే మీకూ నాకూ ఉపయోగం లేదు.

నేను చెప్పబోయేది హాల్లో చూసిన సినిమా గురించి కాదు. ఇంట్లో చూసిన సినిమా గురించి. సినిమా ప్రేక్షకులంటే మనకు వెంటనే గుర్తొచ్చేది హాలు, ఈలలు, అభిమాన సంఘాలు, కటౌట్లు. అదంతా మగవాళ్ళ ప్రపంచం. మన కర్నూలు, కడప పల్లెల్లో ఆడవాళ్ళు ఎక్కువ సినిమాలు చూసింది ఇంట్లోనే.

నా చిన్నప్పుడు, 80ల చివర, 90ల మొదట్లో, పెళ్ళికో తిరునాళ్ళకో 'డెక్కు' అద్దెకు తెచ్చేవారు. ఒక కలర్ టీవీ, వీసీపీ, మూడు క్యాసెట్లు, ఒక్క రాత్రి. వీధి వీధంతా చాపలు తెచ్చుకుని కూర్చునేది. మొదటి రెండు సినిమాలూ మగవాళ్ళు చెప్పినవి. ఆడవాళ్ళు అడిగిన పాత సినిమా మూడోది. అది మొదలయ్యేసరికి తెల్లవారుజామున మూడు గంటలు. సగంలో లేచి కసువు ఊడ్చాలి, కల్లాపి చల్లాలి, పాలు పిండాలి. మా అమ్మకు చాలా సినిమాల మొదలు తెలుసు. ముగింపు తెలియదు.

తర్వాత 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. కేబుల్ వచ్చింది, రిమోట్ వచ్చింది. రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు సెల్‌ఫోన్ వచ్చి ఎవరి సినిమా వాళ్ళు చూసుకుంటున్నారు. ఇంట్లో సినిమాకు టికెట్టు అక్కర్లేదు గానీ తీరిక కావాలి. ఒక సినిమా మొదటి నుంచి చివరి దాకా, లేవకుండా చూడగలిగిన రోజు ఎప్పుడని మీ సంఘంలో ఆడవాళ్ళను అడిగి చూడండి. కూలి రేట్ల గురించి మాట్లాడతాం, తీరిక గురించి మాట్లాడం. అది కూడా హక్కుల ప్రశ్నే.

అయితే ఇంటి సినిమాకు ఒక గొప్ప గుణం ఉంది. నోరు మూసుకుని చూడాలన్న నియమం లేదు. చూస్తూ బుడ్డలు ఒలవొచ్చు, మాట్లాడొచ్చు, తిట్టొచ్చు, ప్రశ్న అడగొచ్చు. మా జేజి అలాగే చూసేది. ఒకసారి టీవీలో ఏదో ఫ్యాక్షన్ సినిమా. ఒక ఊరి మీద ఇంకో ఊరు పడి నరుక్కున్నారు. మేమంతా గుడ్లప్పగించి చూస్తున్నాం. విత్తనానికి కాయలు ఒలుస్తున్న జేజి తలెత్తి, "ఇంతమంది సచ్చిపాయిరి గదా, ఇంగ ఆ గొడ్లకు నీళ్ళెవురు పెడ్తారు?" అంది. మేం పడీపడీ నవ్వాం. నవ్వు రావాల్సిన మాట కాదని నాకు అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఫ్యాక్షన్ ఊళ్ళలో మగవాళ్ళు జైల్లోనో, పరారీలోనో, కాట్లోనో ఉన్నప్పుడు గొడ్లకు నీళ్ళు పెట్టింది, వాయిదాలకు లాయరు ఫీజు తెచ్చింది, పిల్లల్ని బడికి పంపింది ఆడవాళ్ళే. అదేదీ సినిమాలో లేదు. జేజి అడిగింది ఆ లేని భాగం గురించి.

ఫ్యాక్షన్ సినిమాల సంగతి మీకు తెలిసిందే. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 2003లో 'ఒక్కడు'. ఐదారేళ్ళలో సీమ అంటే సుమోలు, బాంబులు, వేటకొడవళ్ళు అని రాష్ట్రమంతా స్థిరపడిపోయింది. మన యాస విలన్‌కు చేరింది. శిరివెళ్ళ మండలంలో పుట్టిన జయప్రకాశ్‌రెడ్డి ఆ యాసను ఎంత అందంగా పలికేవాడో చెప్పలేను. 2020లో ఆయన పోయినప్పుడు సొంత మనిషి పోయినట్టే అనిపించింది. కానీ ఆ యాస ప్రేమించే అమ్మాయి నోట ఎందుకు రాదు? ఈ నేల మీద పుట్టిన కథానాయిక కూడా మాట్లాడేసరికి కోస్తా అమ్మాయి అవుతుంది. కోపానికి మా భాష, ప్రేమకు వేరే భాష.

'నరసింహనాయుడు'లో ఊరి రక్షణ కోసం ఇంటికొక మగపిల్లవాణ్ణి ఇవ్వాలంటారు. దాన్ని త్యాగంగా చూపిస్తారు. పిల్లవాణ్ణి కన్నది ఎవరు, ఇవ్వడానికి ఒప్పుకున్నది ఎవరు అని ఆగి ఆలోచించే వ్యవధి సినిమా మనకు ఇవ్వదు. నిజంగా జరిగిన ఫ్యాక్షన్లలో కూడా జీపు ముందు సీట్లో కూర్చున్నవాడి కంటే వెనక నిలబడ్డవాడే ఎక్కువ చచ్చాడు. వాడు తరచూ బీద కులాలవాడు. టైటిల్‌లో నాయకుడి పేరు, కులం ఉంటాయి. వెనక నిలబడ్డవాడి భార్యకు సినిమాలో పేరు కూడా ఉండదు.

ఇక కరువు. ఆదోని, కోసిగి వైపు నుంచి ఏటా సుగ్గికి పోయే కుటుంబాలు, గుంటూరు మిరప చేలల్లో గుడిసెలు వేసుకునే ఆడవాళ్ళు, చదువు మానేసి వాళ్ళ వెంట పోయే ఆడపిల్లలు, వీళ్ళ మీద ఆ సినిమాల కెమెరా ఎప్పుడూ వాలలేదు. సీమలో రక్తం పారడం చూపించినంత సులభంగా నీళ్ళు పారకపోవడం చూపించలేకపోయారు.

ఇన్ని చెప్పాక కూడా, నాకు నచ్చిన సినిమాలున్నాయి.

'ఒక్కడు' నాకు ఇష్టం. కొండారెడ్డి బురుజు దగ్గర సన్నివేశం వచ్చినప్పుడు, మన ఊరు తెరమీద కనబడిందన్న సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. కానీ నేను ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసింది ఆ కొట్లాటను కాదు. బలవంతపు పెళ్ళి తప్పించుకోవడానికి స్వప్న ఇల్లు వదిలేటప్పుడు తండ్రి నగలతో పాటు సర్టిఫికెట్లు కూడా చేతికిచ్చి పంపిస్తాడు. తర్వాత కథ పాస్‌పోర్టు చుట్టూ తిరుగుతుంది. కౌన్సెలింగ్ పని చేసేవాళ్ళకు దీని విలువ తెలుసు. కట్టుబట్టలతో బయటపడి వచ్చిన మనిషిని మనం మొట్టమొదట అడిగేది, "ఆధార్, రేషన్ కార్డు, సర్టిఫికెట్లు తెచ్చుకున్నావా?" అనే కదా. ప్రేమకథ అనుకుని చూసేవాళ్ళకు అది చిన్న విషయం. మనకు కాదు.

'మర్యాద రామన్న' 2010లో వచ్చింది. 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ 'అవర్ హాస్పిటాలిటీ' దీనికి ఆధారం. పగవాడు ఇంట్లో ఉన్నంతసేపు అతిథి. ఇంట్లో రక్తం చిందకూడదన్నది ఇంటి పెద్ద నియమం. గడప దాటితే చంపేస్తారు. కడప పేరు గడప నుంచే వచ్చిందంటారు, తిరుమలకు గడప కాబట్టి దేవుని గడప అని. ఆ సినిమాకు మా ఇంట్లో అందరం కడుపుబ్బ నవ్వాం. తర్వాత పడుకుంటే ఆలోచన వచ్చింది. మగవాడికి గడప లోపల రక్షణ, బయట ప్రమాదం. మన దగ్గరకు వచ్చే ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఇది తిరగబడి ఉంటుంది. లోపల దెబ్బలు, బయటికి పోతే పరువు. అర్ధరాత్రి గడప బయటికి గెంటి తలుపేసుకుంటే ఎక్కడికి పోవాలి? 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్, ఇంటి మీద పట్టా ఆమె పేరున లేకపోయినా, కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందని చెప్పింది. ఆ ఇంటి పెద్ద నియమం ఆయన ఉన్నంతవరకే, ఆయన మాట మీద నిలబడినంతవరకే. చట్టం అలా కాదు. అమలు చేయించడం కష్టమే, కానీ పట్టుకుని అడగడానికి ఒకటుంది.

2018లో 'అరవింద సమేత' వచ్చింది. రాయచోటి వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయి వచ్చిన ఒకామె ఆ సినిమాను అక్కడ యజమానుల వంటింట్లో, రాత్రి పని ముగిశాక, ఫోన్‌లో నాలుగు రోజులు ముక్కలు ముక్కలుగా చూసిందట. "రెడ్డమ్మ పాట కాడికొచ్చేటప్పటికి ఆపేసి ఇంటికి ఫోన్ చేస్తి మేడమ్" అంది. పెంచల్ దాస్ రాసిన ఆ పాటలో మన వైపు ఆడవాళ్ళ ఏడుపు మన మాటల్లోనే వినిపిస్తుంది. తన ఇల్లు కాని ఇంట్లో సొంత యాస విన్న మనిషికి అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ సినిమా మిగతావాటి కంటే ఒక అడుగు ముందుకు వేసింది. చంపడం కంటే ఆపడం గొప్పదన్న మాట కథానాయకుడికి నాయనమ్మ నుంచి, అరవింద నుంచి అందుతుంది. చివరికి పగవాడి భార్యను రాజకీయాల్లోకి తెస్తారు. నాకు అక్కడే అనుమానం. 1992లో 73వ రాజ్యాంగ సవరణ వచ్చాక ఎన్ని ఊళ్ళలో భార్యను సర్పంచిగా నిలబెట్టి భర్త సంతకాలు పెట్టించాడో మనం చూశాం. పదవి ఆమె అడిగి తీసుకున్నదా, ఎవరో ఇచ్చినదా?

చివరగా 'మల్లీశ్వరి'. సీమ అంటే సుమోలే అనుకునేవాళ్ళకు చెప్పండి, 1951లో ఆ సినిమా తీసిన బి.ఎన్.రెడ్డి కడప జిల్లా పులివెందుల వైపు కొత్తపల్లిలో పుట్టినవాడు. చిన్ననాడు డెక్కు రాత్రుల్లో మా అమ్మ సగంలో లేచిపోయిన సినిమాల్లో ఇదొకటి. ఈమధ్య ఇంట్లో, నేను వంట చేస్తూ, ఆమెను కూర్చోబెట్టి మొదటి నుంచి చూపించాను. నాగరాజు మారువేషంలో ఉన్న రాయలవారితో మల్లికి పల్లకి పంపించమని పరిహాసానికి అంటాడు. నిజంగానే పల్లకి వస్తుంది. తల్లి డబ్బుకు ఆశపడుతుంది. మల్లి రాణివాసానికి పోతుంది. ఇద్దరు మగవాళ్ళు సరదాగా అనుకున్న మాటకు ఆమె బతుకు తలకిందులవుతుంది. ఆఖరున రాయలవారు దయతలచి ఇద్దరినీ క్షమిస్తారు. నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. అమ్మ మాత్రం, "ఆ పొద్దు రాజు మనసు బాగుండె గాబట్టి సరిపాయె. బాగలేకుంటే?" అంది.

ఇన్నేళ్ళు చదివి నేను వెతుక్కుంటున్న మాట అది. స్వప్నను కాపాడింది ఒక కుర్రాడి ధైర్యం. రామన్నను కాపాడింది ఇంటి పెద్ద నియమం. పగవాడి భార్యకు పదవి కథానాయకుడి ఆలోచన. మల్లిని బతికించింది రాజు దయ. ఎవరో ఒకరి మనసు బాగుండాలి. మన పనంతా మనసు బాగలేని రోజు కోసమే కదా.

అందుకని ఒక చిన్న సూచన. మన సంఘాల్లో శిక్షణ అంటే చార్టులు, ఉపన్యాసాలు. నెలకొకసారి ఒక సినిమా పెట్టండి. ఏ సినిమా అన్నది ఆడవాళ్ళే చెప్పాలి. అది 'సమరసింహారెడ్డి' అయినా సరే, మనం ముఖం చిట్లించకూడదు. మధ్యలో ఆపండి. ఈ సమయంలో ఈ ఇంట్లో ఆడవాళ్ళు ఏం చేస్తుంటారు, ఆమెను ఎవరైనా అడిగారా, ఆయన మనసు బాగలేకుంటే ఆమె ఎక్కడికి పోవాలి అని మాట్లాడనివ్వండి. సెక్షన్ల పేర్లు తర్వాత చెప్పొచ్చు. పిల్లల్ని చూసుకోవడానికి, పొయ్యి దగ్గర ఉండడానికి ఆ పూట ఇంకెవరినైనా ఒప్పించండి, సినిమా ముగింపు దాకా వాళ్ళు కూర్చోవాలి.