ఆర్డరు బొమ్మ మీద హక్కు ఎవరిది?

(చేతికళల్లో పనిచేస్తున్న స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"బొమ్మ వేశావు, డబ్బు తీసుకున్నావు, ఇంకా దాంతో నీకేం పని?" ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. దీనికి జవాబు చెప్పాలంటే మూడు విషయాలను విడదీసి చూడాలి. బొమ్మ వేసిన గుడ్డ ఒకటి. ఆ బొమ్మను మళ్ళీ అచ్చు వేసుకునే హక్కు ఇంకొకటి. వేసిన మనిషి పేరు మూడోది. కొన్నవారు డబ్బిచ్చింది మొదటిదానికే అనుకుంటాం. చట్టం అలా అనుకోదు.

శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టాలి. వెదురు కలంతో గీత గియ్యాలి. బెల్లం, ఇనుము ఊరబెట్టి నల్లరంగు తియ్యాలి. ఎరుపు పట్టడానికి ముందు పటిక పూయాలి. మధ్యమధ్య ఉడకబెట్టడం, ఉతకడం, ఆరవెయ్యడం. ఈ చాకిరీలో ఇంటి ఆడవాళ్ళు చేసేదానికి 'సాయం' అని పేరు పెట్టి, గీత గీసిన మగవాడిని కళాకారుడన్నారు. 1950ల చివర్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చాక ఆ విద్య కొద్ది కుటుంబాల గడప దాటింది. క్రమంగా స్త్రీలు కూడా సొంతంగా ఆర్డర్లు తీసుకునే దశకు వచ్చారు. 'సాయం' అన్న మాట నుంచి బయటపడిన స్త్రీకి ఇక్కడే రెండో అడ్డంకి ఎదురవుతుంది.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా కాపీరైటు సృష్టించినవారిదే. కానీ 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా డబ్బిచ్చి, కోరి వేయించుకున్న వర్ణచిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైటు వేయించుకున్నవారిదే అవుతుంది. అంటే మనం ఏమీ మాట్లాడుకోకపోతే హక్కు వాళ్ళ వైపు వెళ్ళిపోతుంది. రేపు వాళ్ళు మీ బొమ్మను వెయ్యి చీరల మీద అచ్చు వేయించినా అడగడం కష్టం. పదివేల రూపాయలకు మించి తిరిగి అమ్ముడైన అసలు చిత్రం మీద చిత్రకారులకు వాటా ఇచ్చే 53ఏ సెక్షన్ కూడా తొలి హక్కుదారులకే వర్తిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది కదా అంటారేమో. అది ఆ పేరును కాపాడుతుంది. మీరు వేసిన ఫలానా బొమ్మకు రక్షణ ఇవ్వదు.

అయితే ఒకటి మాత్రం మిగులుతుంది. కాపీరైటు చేతులు మారినా, ఈ పని నాదని చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద సృష్టికర్తకే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడబెరికారు. చేయించుకున్నది సాక్షాత్తూ ప్రభుత్వమే. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల నష్టపరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆయనకు పేరుంది, పాతికేళ్ళకు పైగా ఆగే ఓపిక ఉంది. ఇంట్లో కూర్చుని ఆర్డర్లు చేసే స్త్రీకి కోర్టు దాకా వెళ్ళే అవసరం రాకుండా చూడడమే మేలు.

అందుకు ఒక్క కాగితం చాలు. కొలత, గడువు, ధర, ఎన్నిసార్లు మార్పులు చేసిస్తారు, అడ్వాన్సు ఎంత, మధ్యలో వద్దంటే అది ఎవరికి చెందుతుంది అన్నవి రాయండి. సహజ రంగులు నమూనాతో అచ్చంగా కలవకపోవచ్చని ముందే చెప్పండి. చివర రెండు వాక్యాలు తప్పక చేర్చండి: "ఈ చిత్రం కాపీరైటు చిత్రకారిణిదే. చిత్రం ఎక్కడ ప్రదర్శించినా, అచ్చు వేసినా ఆమె పేరు వెయ్యాలి." ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోండి. ఆ సంతకం భర్తదో అన్నదో కాకుండా మీదే అయి ఉండాలి. డబ్బు కూడా మీ ఖాతాలోనే పడాలి.

కాగితం అడిగితే ఆర్డరు పోతుందన్న భయం నిజమైనదే. ఒక్కరు అడిగితే పోతుంది. ఊళ్ళో పనిచేసే స్త్రీలందరూ ఒకే కాగితం ముందుపెడితే కొనేవాళ్ళు ఎక్కడికి పోతారు? ఆ కాగితాన్ని తెలుగులో తయారుచేసి పంచే బాధ్యత మన సంఘాలు తీసుకోవాలి. ఈ సమావేశం ముగిసేలోగా దాని ముసాయిదా మొదలుపెడదామని నా ప్రతిపాదన.