చేనుకు పేరుంది
(పెన్షనర్ల దినోత్సవ సభలో రొంపిచెర్ల సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ద్రాక్షసారా గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు ఒక్క క్షణం ఆలోచనలో పడ్డారు. తాగమని చెప్పడానికి నేను రాలేదు. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడినప్పుడు లోలోపల సంతోషించినవాళ్లం మనం. నేను చెప్పబోయేది మట్టి సంగతి.

కిందటేడు మా అమ్మాయి దగ్గరకు అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం వెళ్లాను. వ్యవసాయశాఖలో పనిచేసిన ప్రాణం గనుక ఇంట్లో కూర్చోలేకపోయాను. ఒక ఆదివారం అల్లుడు డండీ కొండల్లో ద్రాక్షతోట చూపించాడు. అంతా ఎర్రమట్టి. చెప్పులకు అంటుకుంటే మన ఎర్రచేలు గుర్తొచ్చాయి. అగ్నిపర్వత శిల అరిగి ఏర్పడిన ఆ మట్టిని జోరీ అంటారు.

అక్కడ పండేది పినో నువార్ అనే నల్లద్రాక్ష. దాని పుట్టిల్లు ఫ్రాన్సులోని బర్గండీ. గుత్తి ముద్దగా ఉంటుంది, లోపల గాలి ఆడదు. తొక్క పలచన. వాన తగిలితే కుళ్లుతుంది. ఎండ ముదిరితే తొందరగా పండి, తీపి పెరిగి, పులుపు పోతుంది. చలి మితిమీరితే అసలు పండదు. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా ఉన్నచోట నిదానంగా పండితేనే తీపీ పులుపూ సరిపడతాయి. దాని సారా రంగు కూడా పలచనే. గ్లాసు వెనక వేలు పెడితే కనపడుతుంది. నేను నోట పెట్టలేదు గాని వాసన చూశాను. ముందు చెర్రీపండు, దాని వెనక తొలకరికి తడిసిన నేల.

ఇంత సున్నితం గనుకనే ఏ నేలలో పండితే ఆ నేల గుణం చెబుతుందట. 2020 సెప్టెంబరులో అక్కడ కార్చిచ్చు చెలరేగితే, కొన్ని తోటల్లో ఆ పొగ వాసన కూడా కాయకు పట్టింది.

1965లో డేవిడ్ లెట్ అనే యువకుడు ఈ మొక్కలు తెచ్చి ఆ లోయలో నాటబోతే, చలికీ వానకూ పనికిరాదని తెలిసినవాళ్లే వారించారు. 1979లో పారిస్ పోటీలో ఆయన 1975 పంట సారా మొదటి పది స్థానాల్లో నిలిచింది. 1980లో బర్గండీలో మళ్లీ పోటీ పెడితే రెండోదిగా వచ్చింది. ఆ సీసా మీద ఉన్న పేరు 'సౌత్ బ్లాక్'. అంటే దక్షిణపు చెక్క. తోటలో ఒక ముక్క పేరు!

అమెరికా చట్టం ప్రకారం సీసా మీద తోట పేరు వేయాలంటే నూటికి 95 పాళ్లు ఆ తోట కాయే ఉండాలి. బర్గండీలో రొమనే కొంటీ అనే లోకప్రసిద్ధమైన తోట మొత్తం సుమారు 4.5 ఎకరాలే.

అది విన్నాక నేను మాట్లాడలేకపోయాను. రొంపిచెర్లలో నాకున్నది 4 ఎకరాలు. అది అమ్మేద్దామని చెప్పడానికే పిల్లలు నన్ను పిలిపించుకున్నారు. కాగితాల్లో దానికి సర్వే నంబరు తప్ప మరేమీ లేదు. మన మిరపకాయ యార్డు చేరాక ఎవరి చేనుదో ఎవరడుగుతారు?

తిరిగివచ్చేటప్పుడు కారులో అమ్మాయి అడిగింది: "నాన్నా, మన చేనుకు పేరుందా?"

ఉంది. మా నాయన దాన్ని 'వేపచెట్టు చేను' అనేవాడు. సాగర్ కుడికాలువ నీళ్లు రాకముందు అక్కడ జొన్న వేసేవాళ్లం. పడమటి చెక్కలో పండిన జొన్న రొట్టె తీపి అని అమ్మ ఏరి పక్కన పెట్టేది. ఆ చెట్టు పోయి ముప్ఫై ఏళ్లయింది. నలభై ఏళ్లు నిండిన నా కూతురికి ఆ పేరు నేనెప్పుడూ చెప్పలేదు. తప్పు పిల్లలది కాదు.

అమ్మకం సంగతి ఇంకా తేలలేదు. అమ్మినా తప్పు పట్టను, వాళ్ల బతుకులు అక్కడున్నాయి. అయితే ఊరికి రాగానే ఒక నోటుపుస్తకంలో చేను పేరు, హద్దులు, ఏ చెక్కలో ఏది బాగా పండేదో రాసి అమ్మాయికి పంపాను. మనవడు చదివించుకుని విన్నాడట.

మీ ఇళ్లలోనూ వాగుగట్టు చేను, కుంటకింద మడి వంటివి ఉండే ఉంటాయి. ఆ పేర్లు మనతోనే పోనివ్వకండి. ఈ వారంలోనే కాగితం మీద పెట్టండి.