చెరువూ నిలవాలి, బస్తీ నిలవాలి



చెరువులను కాపాడాలన్న మాట వినబడగానే నేడు మన బస్తీలలో భయం పుడుతున్నది. 2024 జులైలో హైడ్రా ఏర్పడింది. ఆ సెప్టెంబరు చివర మూసీ ఒడ్డున ఉన్న ఇళ్లపై ఎర్ర గుర్తులు పడ్డాయి. చెరువు బతకాలంటే పేదవాడి ఇల్లు పోవలసిందేనన్న అభిప్రాయం అప్పటి నుండి బలపడుతున్నది. ఇది సరికాదని మేము సవినయంగా మనవి చేస్తున్నాము.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వెలిశాయి. అవి వరదను అదుపు చేసి, నగరానికి తాగునీరు అందించాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లను కట్టించింది. నీటికి చోటు, మనిషికి గూడు రెండూ ప్రభుత్వ బాధ్యతలేనని ఆనాడు గుర్తించారు.

2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు నీట మునిగినవి హాఫిజ్ బాబా నగర్ పరిసరాలలోని మన ఇళ్లే. కనుక చెరువు రక్షణ అంటే మన పిల్లల రక్షణ.

ఉద్యోగ జీవితమంతా కాగితాల మధ్య గడిపిన మేము ఒక మాట స్పష్టంగా చెప్పదలచాము. రిజిస్ట్రేషన్ దస్తావేజు, ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు, ఇవేవీ కట్టడానికి అనుమతి కావు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటె చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా విడువవలెను. ప్లాటు కొనక ముందే సర్వే నంబరును చెరువు పటంతో సరిచూసుకోవాలి. హద్దులపై ప్రాథమిక ప్రకటన వెలువడినప్పుడు గడువులోగా అభ్యంతరాలను రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు పుచ్చుకోవాలి.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతకు ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. అయితే నదులు, జలవనరులలోని అనధికార కట్టడాలను ఆ ఆదేశం నుండి మినహాయించింది. ఆ తీర్పే మనకు రక్ష అనుకొని నిశ్చింతగా ఉండరాదు.

అందుచేత ప్రభుత్వాన్ని మనం కోరవలసినవి ఇవి. బస్తీవాసుల సమక్షంలో హద్దుల సర్వే జరగాలి. కదలక తప్పని కుటుంబాలకు పనిచోటుకు, పిల్లల బడికి దగ్గరలో ముందుగా ఇల్లు చూపించాలి, ఆ తరువాతనే పాత ఇంటి జోలికి రావాలి. హద్దు కొలిచే గొలుసు కూలివాని గుడిసెకూ, ధనికుని ఫాంహౌసుకూ ఒక్కటే కావాలి.

మన వంతు కర్తవ్యమూ ఉన్నది. నాలాలలో మట్టి, చెత్త పోయనీయరాదు. ఖబ్రస్తాన్లు, ఈద్గాలలో వేప, కానుగ చెట్లు పెంచాలి. మసీదులో వజూ నీరు మురుగు కాలువలో కలవకుండా ఇంకుడు గుంతకు చేరాలి. ఇవి మన కమిటీలు ఈ వానాకాలానికి ముందే చేయగల పనులు.

చెరువును కాపాడమని ముందుగా అడిగే బస్తీయే తన ఇంటి కోసం ధైర్యంగా మాట్లాడగలదు. ఆ గొంతు మనదే కావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.