సీసపు పెట్రోలు: వాయిదా వేయదగిన వ్యాజ్యమా?

(ఒక పఠనమందిరమున న్యాయవాది యొకరు గావించిన యుపన్యాసము)

 

చిన్న విమానములలో సీసము కలిపిన పెట్రోలు పోయవలెనా, సీసము లేనిది పోయవలెనా యను ప్రశ్న ఇంజనీర్లదే గాని మనది కాదని కొందరనవచ్చును. విమానము నడుపువాడు దాని ప్రయోజనము ననుభవించును. దాని పొగ క్రింద నివసించు పసిబిడ్డను ఎవ్వరును సమ్మతి యడుగలేదు. అట్టివాని పక్షమున మాటలాడుట మా వృత్తిధర్మము. కావున ఈ వ్యాజ్యమును మీ ముందుంచుచున్నాను.

పెద్ద జెట్టు విమానములు వాడునది కిరసనాయిలు జాతి యింధనము. అందు సీసము లేదు. మన వివాదము పిస్టను ఇంజనుగల చిన్న విమానములను గూర్చినది. వీనిలో విరివిగా వాడబడునది 100 ఎల్.ఎల్. అను నీలివన్నె పెట్రోలు. ఆ యక్షరములకు అల్పసీసమని యర్థము. పేరు చూచి మోసపోరాదు. లీటరునకు 0.56 గ్రాముల వరకు సీసము అందుండవచ్చును. పూర్వపు ఆకుపచ్చని పెట్రోలులో దీనికి రెట్టింపు సీసమునకు అనుమతి యుండెడిది. దానితో పోల్చినప్పుడే యిది యల్పము.

సీసమేల కలిపిరి? సిలిండరులో పిస్టను గాలిని, పెట్రోలు ఆవిరిని అదిమిపట్టును. నిప్పురవ్వ తగిలినపుడు మంట క్రమముగా వ్యాపింపవలెను. అదుము మితిమీరినచో మంట చేరకమునుపే మిగిలిన యావిరి తనంతట తానే భగ్గుమనును. అది పిస్టనును కరగించి యింజనును ధ్వంసము చేయగలదు. కారు చెడినచో బాటప్రక్కను నిలుపవచ్చును. ఆకాశమున బాటప్రక్క యెక్కడ? టెట్రాఇథైల్ సీసము ఈ యుపద్రవమును అడ్డునని 1921లో అమెరికా దేశమున థామస్ మిడ్జిలీ కనుగొనెను. మూడేండ్లకే, 1924లో, న్యూజెర్సీలోని బేవే కర్మాగారమున ఆ పదార్థము సోకి కార్మికులు ఐదుగురు మతిచలించి మరణించిరి. విషమని ఆనాడే రుజువైనది. అయినను రోడ్డు వాహనములనుండి దానిని తొలగించుటకు అమెరికాలో 1996 వరకు, మన దేశమున 2000 వరకు, కట్టకడపట అల్జీరియాలో 2021 వరకు పట్టినది. చిన్న విమానమునకు మాత్రము మినహాయింపు నిలిచియే యున్నది.

రక్తములో ఇంత సీసముండినను హాని లేదను హద్దేదియు తెలియదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. దాని మొదటి దెబ్బ పసివారి మెదడుపై పడును. అమెరికాలో గాలిలోనికి వెలువడు సీసములో నూటికి సుమారు 70 పాళ్లు ఈ విమానములదే. అది ప్రజారోగ్యమునకు ముప్పని 2023లో అచటి పర్యావరణ పరిరక్షణ సంస్థ నిర్ధారించినది.

ఇక ప్రతివాదుల వాదము వినుడు. వారు చెప్పునది భద్రత. అది కల్ల కాదు. అదుము హెచ్చుగా గల బలమైన యింజనులకు నూరు ఆక్టేను పెట్రోలు కావలెను. తక్కువదానితో నడిపినచో ప్రయాణికుల ప్రాణములకే ముప్పు. కాని ఈ యుక్తి అన్ని యింజనులకును చెల్లదు. అమెరికాలోని చిన్న విమానములలో సగమునకు పైగా 94 ఆక్టేనుగల సీసరహిత పెట్రోలుతో నడువగలవు. స్వీడను దేశమున అట్టి పెట్రోలు 1991 నుండి అమ్మబడుచున్నది. బలమైన యింజనులు సంఖ్యలో కొద్దియే యైనను పెట్రోలులో అధికభాగము త్రాగునవి యవియే. కావున వానికి వేరు మార్గము చూడవలెను. అంతమాత్రమున వాని చాటున తక్కినవి దాగుకొనుట న్యాయమా?

సీసము లేదన్నంతనే సర్వమును క్షేమమని నేననను. ఉత్తర డకోటా విశ్వవిద్యాలయము తన శిక్షణ విమానములకు 2023 జూనులో 94 ఆక్టేను పెట్రోలు వాడసాగెను. పొగవాల్వుల పీఠములు అరుగుట చూచి అక్టోబరులో తిరిగి సీసపు పెట్రోలునకే మరలెను. ఆక్టేను సంఖ్య యొక్కటే చాలదు, పెట్రోలు కూర్పును సైతము పరీక్షింపవలెనని దీనివలన తేలినది. నూరు ఆక్టేనుగల సీసరహిత పెట్రోలు నొకదానిని 2022 సెప్టెంబరులో అమెరికా వైమానిక శాఖ రవ్వతో మండు పిస్టను ఇంజనులన్నిటికిని అనుమతించినది. అమ్మకము మొదలైన పిమ్మట రంగు చెడుచున్నదని, తొట్ల అతుకులు కారుచున్నవని కొందరు యజమానులు ఫిర్యాదు చేసిరి. తయారీదారులు ఆ దోషము ఇంధనమునది కాదనిరి. ఇట్టి సాక్ష్యమును విచారింపవలసినదే. కాని విచారణ వేరు, వాయిదా వేరు.

కాలిఫోర్నియాలోని శాంతాక్లారా కౌంటీ 2022 జనవరి 1 నుండి తన రెండు విమానాశ్రయములలో సీసపు పెట్రోలు అమ్మకమును నిలిపివేసినది. తగిన ప్రత్యామ్నాయము రాకమునుపే ఇట్లు నిలుపరాదని, 2030 చివరివరకు గడువుండవలెనని 2024లో అమెరికా శాసనము వెలసినది. 2031 జనవరి 1 నుండి తన యెల్లలలో అమ్మకమే కూడదని అదే యేట కాలిఫోర్నియా శాసించినది. బిడ్డకును పైలటునకును చట్టము కొంత కొంత చోటిచ్చినది. అన్నిటికంటె ముఖ్యము, తేదీ పడినది.

మన దేశపు మాట. ఈ పెట్రోలు మునుపు విదేశములనుండి వచ్చెడిది. 2022 నుండి ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదరలో తయారుచేయుచున్నది. 2023లో పాపువా న్యూగినీకి ఎగుమతి సైతము చేసినది. సంతోషింపవలసినదే. కాని స్వదేశీయమైనను సీసము సీసమే. హైదరాబాదు నడిబొడ్డున నున్న బేగంపేటలో వైమానిక శిక్షణ చిరకాలము జరిగినది. ఆ పరిసరములలో ఎన్ని యిండ్లు, ఎన్ని బడులు గలవో మీకు చెప్పనక్కరలేదు.

ఒక హెచ్చరిక. వీధి బంకులోని పెట్రోలులో సీసము లేదుగదా యని దానినే విమానమునకు పోయరాదు. నేడు మన పెట్రోలులో 20 పాళ్ల వరకు ఎథనాలు కలుపుచున్నారు. అది నీటిని పీల్చును. దానికై రూపొందింపని విమానములలో రబ్బరు భాగములను పాడుచేయును.

కావున నా మనవి యిది. తన యింజనునకు ఏ సీసరహిత పెట్రోలు అనుమతింపబడినదో ప్రతి శిక్షణాలయమును తయారీదారుని పత్రములలో చూచుకొనవలెను. క్రొత్త విమానము కొనువారు జెట్టు కిరసనాయిలుతో గాని, సీసములేని పెట్రోలుతో గాని నడుచు యింజనునే కోరవలెను. ప్రభుత్వము సీసరహిత విమానపు పెట్రోలు తయారీకి పూనుకొని, సీసమునకు కడపటి తేదీ నిర్ణయింపవలెను. బలమైన యింజనులకు అంతవరకు గడువిత్తము. పైలటు ప్రాణమును బిడ్డ ప్రాణమువంటిదే. కాని గడువు కోరువాడు ప్రతిసారియు కారణము చూపవలెను. నూరేండ్లుగా ఈ వ్యాజ్యమున కారణమడుగకయే వాయిదా లిచ్చితిమి. ఇక అడుగుదము.