అప్పు తీసుకునే ముందు ఇంటి లెక్క చూద్దాం



మన సంఘాలకు పంచసూత్రాలున్నాయి. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఎవరి పొదుపు ఎంత, ఎవరి బాకీ ఎంత అని ఎవరడిగినా పుస్తకం తెరిచి చెప్పగలం. ఆ అయిదో సూత్రాన్ని మన ఇళ్ళకు కూడా తీసుకుపోదాం అన్నదే ఈ రోజు మా మాట.

గేదె అప్పునే తీసుకుందాం. ఈనిన గేదె రోజుకు 6 లీటర్లు ఇస్తుంది, లీటరుకు 50 రూపాయలు వస్తాయి అనుకుందాం. రోజుకు 300. దాణా, గడ్డి, మందులకు 160 పోతే మిగిలేది 140. నెలకు 4,200. కిస్తు 4,000 అంటే ‘కట్టేస్తాంలే’ అనిపిస్తుంది. కానీ గేదె ఏడాది పొడుగునా పాలివ్వదు కదా! 9 నెలలు ఇచ్చి 3 నెలలు వట్టిపోయిందనుకోండి. 9 నెలల మిగులు 37,800. వట్టిపోయినా మేత తప్పదు. రోజుకు 80 చొప్పున 3 నెలలకు 7,200. అది తీసేస్తే ఏడాదికి 30,600, అంటే నెలకు 2,550. 4,000 కిస్తు ఆ గేదె కట్టలేదు. తక్కువ పడింది మన కూలి డబ్బుల్లోంచి పోవాల్సిందే.

అలాగని గేదె వద్దని కాదు. చేతిలో ఉన్నది కొంత కలిపి అప్పు తగ్గించుకోవచ్చు. గడువు పెంచమని అడగవచ్చు. గడువు పెరిగితే వడ్డీ కూడా పెరుగుతుంది, అదీ లెక్కలో వేసుకోవాలి.

వడ్డీ సంగతీ అంతే. ఇద్దరూ ‘నూటికి రూపాయే’ అనొచ్చు. 10,000 అప్పు తీసుకొని, అసలును 12 నెలల్లో సమానంగా తీర్చామనుకోండి. మొదటి అసలు మీదే ఏడాదంతా వడ్డీ వేస్తే 1,200 అవుతుంది. తగ్గుతున్న అసలు మీద వేస్తే 650 మాత్రమే. అందుకే సంతకం పెట్టేముందు ‘వడ్డీ దేని మీద వేస్తారు? అంతా కలిపి ఎంత కట్టాలి?’ అని అడుగుదాం.

ఇందుకు ఒక నోటు పుస్తకం చాలు. ఒక పక్క వచ్చింది, ఇంకో పక్క పోయింది. రాయడం రాని అక్కలు పిల్లల చేత రాయించుకోవచ్చు. ఒక్క నెల చాలదు. కోతల నెల ఒకలా, పండగ నెల ఒకలా ఉంటుంది. కనీసం మూడు నెలలు రాస్తే ఇంటి సంగతి తెలుస్తుంది.

లెక్క మన బదులు నిర్ణయం చెయ్యదు. అమ్మాయి చదువుకు ఖర్చు ఎక్కువని తేలితే, దాని అర్థం చదువు మాన్పించమని కాదు. ఇప్పటినుంచే నెలకు ఎంత పక్కన పెట్టాలో తెలిసిందని. ఇంట్లో మాట వచ్చినప్పుడు కూడా రాసిన కాగితం ముందు పెడితే మన మాటకు బలం ఉంటుంది.

ఒకరి కిస్తు తప్పితే అది ఒక్క ఇంటితో ఆగదు. బ్యాంకు దగ్గర సంఘం పేరు పోతుంది, పక్క సభ్యురాలికి రావాల్సిన అప్పు ఆగుతుంది. కాబట్టి ఇకమీదట అప్పు అడిగే ప్రతి సభ్యురాలూ ఆ పుస్తకం వెంట తెచ్చుకుందాం. అందరం కలిసి చూసి, ఆమె కట్టగలిగిన కిస్తే రాద్దాం.